ఆయన ఎరుపు మనిషి కాదు

ఆయన నాకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. గదిలోకి వెళ్లగానే కూర్చోమనలేదు. చేతి గడియారం వంక చూసి "చెప్పండి" అన్నారు, అంతే. నేను లోలోపల పొంగిపోయాను. అంతకు రెండు నెలల ముందే మా కంపెనీ మమ్మల్ని రెండు రోజులు ఒక హాల్లో కూర్చోబెట్టి మనుషులు నాలుగు రంగులని నేర్పించింది: జోరుగా తేల్చేసేవాళ్లు ఎరుపు, నలుగురిలో కలిసిపోయే మాటకారులు పసుపు, నెమ్మదస్తులు ఆకుపచ్చ, వివరాలు తవ్వేవాళ్లు నీలం. ఎదురుగా ఉన్నది ఎరుపు అని ఇట్టే పోల్చుకున్నాను. ఎరుపు మనిషికి సోది గిట్టదు, వివరాలంటే విసుగు, ఫలితం ముఖ్యం, పగ్గాలు తన చేతిలోనే ఉన్నాయనిపించాలి. అప్పట్లో నేను ఆఫీసులకు ఫోటోకాపీ యంత్రాలు అమ్మేవాణ్ణి. నలభై పేజీల ప్రతిపాదన సంచిలోంచి తీయకుండానే మూడు ముక్కల్లో చెప్పేశాను: నిమిషానికి ఎన్ని కాగితాలు, ఒక్కో కాగితానికి ఎంత ఖర్చు, ఎన్ని రోజుల్లో బిగిస్తాం.

ఆయన విని, "చెడిపోతే ఎవరు వస్తారు?" అన్నారు.

"సర్వీసు సంగతి మేం చూసుకుంటాం సార్. ఆ చిన్న విషయాలు మీ దాకా రానివ్వం" అన్నాను. చిల్లర వివరాలతో విసిగించకూడదని కదా పాఠం.

రెండు నిమిషాలాగి మళ్లీ అడిగారు. "అంటే, ఫోన్ చేశాక ఎంతసేపటికి వస్తారు?"

నేను నవ్వి, మా సర్వీసు విభాగం గురించి ఒక గొప్ప మాట చెప్పి, సంభాషణను ఆర్డరు మీదికి మళ్లించాను. ఆయన లేచి చేయి కలిపారు. ఆ ఆర్డరు ఇంకొకరికి వెళ్లింది.

కొన్ని నెలల తర్వాత అదే ఆఫీసులో కాగితాల వ్యవహారం చూసే గుమాస్తా ద్వారా అసలు సంగతి తెలిసింది. అంతకు ముందటేడు ఒక టెండరు దాఖలు చేయాల్సిన ముందు రోజు వాళ్ల యంత్రం మొరాయించిందట. రెండు రోజుల దాకా మెకానిక్కు రాలేదు. గడువు దాటిపోయింది, నింద ఈయన నెత్తిన పడింది. గడియారం చూసుకోవడమూ, పొడి మాటలూ తొందర వల్ల వచ్చినవి కావు. మళ్లీ తల దించుకోవాల్సి వస్తుందేమోనని ఆయన బెదిరిపోయి ఉన్నారు. ఒకే ప్రశ్నను రెండుసార్లు అడిగి తన భయం ఎక్కడుందో వేలు పెట్టి మరీ చూపించారు. నేను రంగు చూస్తూ కూర్చున్నాను.

ఇది జరిగి పదిహేనేళ్లు దాటింది. యంత్రాలు మానేసి సాఫ్ట్‌వేర్ అమ్మాను, ఇప్పుడు అమ్మేవాళ్లకు తర్ఫీదు ఇచ్చే పని కూడా మీద పడింది. ప్రతి కొత్త బృందమూ మొదట అడిగేది ఆ రంగుల గురించే. అందుకే ఈ వాదన ఒకచోట రాసిపెడదామనిపించింది. మనిషిని బట్టి మాట మార్చుకోవడం అమ్మకంలో ప్రాణం లాంటిది, దానితో నాకు పేచీ లేదు. మనిషి 'రకాన్ని' బట్టి మార్చుకోవడం మాత్రం వేరే సంగతి. చాలాసార్లు ఇది దానికి అడ్డు పడుతుంది.

మనుషులను నాలుగు గాటలకు కట్టేయాలన్న కోరిక ఈనాటిది కాదు. ఒంట్లో రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అనే నాలుగు ద్రవాలున్నాయనీ, వాటిలో ఏది ఎక్కువైతే స్వభావం ఆ ప్రకారం ఉంటుందనీ ప్రాచీన గ్రీకు వైద్యులు నమ్మారు. రోమన్ కాలపు వైద్యుడు గేలెన్ దానికి మరింత ప్రచారం తెచ్చాడు. ఇప్పటి సేల్స్ తరగతుల్లో వినిపించే 'డిస్క్' పద్ధతికి మూలం 1928లో విలియం మౌల్టన్ మార్‌స్టన్ అనే అమెరికా మనస్తత్వవేత్త రాసిన పుస్తకం. ఆధిపత్యం, ప్రేరేపణ, లొంగుబాటు, ఒదుగుబాటు అని ఆయన నాలుగు ధోరణులు చెప్పాడు, వాటి ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలే 'డిస్క్'. ఆయన పరీక్ష పత్రమేదీ తయారు చేయలేదు, టిక్కులు పెట్టే పత్రాలన్నీ తర్వాతివాళ్లు కట్టుకున్నవే. ఈ మార్‌స్టనే రక్తపోటు కొలిచి అబద్ధం పట్టవచ్చని ప్రయోగాలు చేశాడు, 1941లో వండర్ వుమన్ పాత్రను సృష్టించిందీ ఈయనే. ఆ పాత్ర చేతిలో ఒక తాడు ఉంటుంది, దానితో కట్టేస్తే ఎవరైనా నిజమే చెబుతారు. మా వృత్తిలో చాలామంది ఆయన నాలుగు అక్షరాలను ఆ తాడులాగే వాడుతుంటారు. 1960ల నుంచి డేవిడ్ మెరిల్, రోజర్ రీడ్ ఇంకో చట్రం తెచ్చారు. మనిషి ఎంత గట్టిగా తన మాట నెగ్గించుకోవాలని చూస్తాడు, ఎంత మేరకు భావాలు బయటపెడతాడు అనే రెండు గీతలు గీసి మళ్లీ నాలుగు గళ్లే చేశారు. పేర్లు మారుతుంటాయి కానీ గళ్లు నాలుగే. ఐదైతే గుర్తుంచుకోవడం కష్టమనేమో!

మా శిక్షణలో రెండో రోజు ఒక్కొక్కరికీ ఒక నివేదిక ఇచ్చారు. నాది పసుపు. చదువుతుంటే 'అచ్చం నేనే' అనిపించింది. భోజన విరామంలో పక్కవాడి నీలం నివేదిక అడిగి తీసుకుని చదివాను. అదీ నేనే! 1948లో బెర్ట్రామ్ ఫోరర్ అనే అధ్యాపకుడు తన 39 మంది విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, ఫలితాలంటూ అందరికీ ఒకే కాగితం పంచాడు. ఎవరిది వాళ్లకే ప్రత్యేకంగా రాసిందని వాళ్లు నమ్మారు. తమకు ఎంత బాగా సరిపోయిందో ఐదుకు మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. అందులోని వాక్యాలు ఆయన ఒక జాతకాల పుస్తకం లోంచి ఏరి రాసినవి. ఆ హాల్లో మేమంతా గంగిరెద్దుల్లా ఎందుకు తలూపామో నాకు ఈ సంగతి చదివాకగానీ తెలియలేదు.

అలాగని వ్యక్తిత్వమనేదే లేదంటే నేను ఒప్పుకోను. ఉంది. మా ఇంట్లో ఇద్దరు పిల్లలను చూస్తే చాలు. కానీ అది మెట్టు మెట్టుగా ఉండదు, ఏటవాలుగా ఉంటుంది. నలుగురిలో కలిసిపోయే గుణాన్ని వెయ్యి మందిలో కొలిస్తే అత్యధికులు మధ్యలోనే ఉంటారు. ఆ మధ్యలో ఒక గీత గీసి ఇటువాళ్లు పసుపు, అటువాళ్లు ఆకుపచ్చ అంటే, గీతకు అటూ ఇటూ భుజాలు రాసుకుంటూ నిలబడ్డ ఇద్దరు వేర్వేరు జాతులైపోతారు. గీతకు ఒకే వైపున ఆ చివరా ఈ చివరా ఉన్నవాళ్లు మాత్రం ఒకే తాను ముక్కలైపోతారు.

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. 1968లో వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వవేత్త ఒక ఇబ్బందికరమైన మాట చెప్పాడు. ఒక మనిషి గుణాన్ని కొలిచి, దాన్ని బట్టి ఒకానొక సందర్భంలో అతను ఎలా ప్రవర్తిస్తాడో ఊహించబోతే, ఆ పొంతన సుమారు 0.3 దాటడం అరుదని. సున్నా అంటే సంబంధమే లేదని, ఒకటి అంటే పూర్తిగా సరిపోయిందని. దాని మీద మనస్తత్వ శాస్త్రంలో ఏళ్ల తరబడి వాదోపవాదాలు నడిచాయి. నాకు అర్థమైనంత వరకు తేలింది ఇది: ఒకే మనిషిని చాలా సందర్భాల్లో చూసి సగటు తీస్తే అతని స్వభావం స్పష్టంగానే బయటపడుతుంది, ఒక్కసారి చూస్తే పడదు. మరి అమ్మేవాడికి దొరికేది ఎన్ని సందర్భాలు? ఒక్కటి, అదీ ఇరవై నిమిషాలది. పైగా ఎదుటి మనిషి ఆ సమయంలో తన చేత డబ్బు ఖర్చు పెట్టించడానికి వచ్చిన ఒక అపరిచితుడి ముందు కూర్చుని ఉంటాడు. అతని జీవితంలో అంతకంటే అసహజమైన ఇరవై నిమిషాలు ఆ వారంలో ఉండకపోవచ్చు. పళ్ల డాక్టరు కుర్చీలో కూర్చున్నవాణ్ణి చూసి 'ఈయన మితభాషి' అని రాసుకోవడం లాంటిదే ఇది.

ఇక్కడ నా వాదనకు అడ్డొచ్చే ఒక పరిశోధనను దాచిపెడితే న్యాయం కాదు. 2017లో సాండ్రా మాట్జ్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు ఫేస్‌బుక్‌లో 35 లక్షల మందికి పైగా జనానికి ప్రకటనలు చూపించారు. స్వభావానికి తగ్గట్టు మలిచిన ప్రకటనలు, తగనివాటి కంటే 40 శాతం దాకా ఎక్కువ క్లిక్కులు, 50 శాతం దాకా ఎక్కువ కొనుగోళ్లు తెచ్చాయి. కనుక స్వభావాన్ని బట్టి మాట మారిస్తే పని జరగదని నేను అనలేను. అయితే ప్రకటనకు చెవులుండవు. ఎదుటివాణ్ణి అడిగే వీలు లేదు కాబట్టి అది ఊహించి తీరాలి. లక్షల మంది మీద ఊహ కాస్త నిజమైనా లాభమే, తప్పిన చోట పోయేది ఒక క్లిక్కు. నా ఎదుట కూర్చున్నది ఒక్క మనిషి. నాకు నోరుంది, చెవులున్నాయి. అడిగితే చెప్పేదాన్ని ఊహించడం దేనికి?

అడగడం విలువేమిటో నాకు పుస్తకాల్లో కంటే బాగా తెలిసింది నేనే కొనడానికి వెళ్లినప్పుడు.

మా అమ్మకు వినికిడి తగ్గింది. వినికిడి యంత్రం కోసం ఒకచోటికి తీసుకెళ్లాను. నోటు పుస్తకంలో ప్రశ్నలు రాసుకుని వెళ్లాను, ఇరవై దాకా ఉంటాయి. అక్కడి సేల్స్ మనిషి నా పుస్తకం చూడగానే కళ్లు మెరిశాయి. ఆ మెరుపు నాకు తెలుసు, నీలం దొరికిందన్న మెరుపు! ఛానళ్లు, డెసిబెళ్లు, బ్యాటరీ గంటలు, పోలికల పట్టికలు ఒకదాని తర్వాత ఒకటి నా ముందు పరిచాడు. నేను అడిగినవన్నీ చెప్పాడు, అడగనివి కూడా చెప్పాడు. మూడు కరపత్రాలు పట్టుకుని ఇంటికొచ్చాను. మూడు వారాలైనా కొనలేదు.

రెండో చోట ఒక యువతి ఉంది. నా పుస్తకం చూసింది, "ఇవన్నీ చెబుతాను సార్, రెండు నిమిషాలు ఆగండి" అని కుర్చీ అమ్మ వైపు తిప్పుకుంది. అమ్మ కళ్లలోకి చూస్తూ, నెమ్మదిగా, "ఎవరి మాట వినబడకపోతే మీకు ఎక్కువ కష్టంగా ఉంటుందమ్మా?" అని అడిగింది.

అమ్మ నా వైపు చూడలేదు. "మనవరాలిది" అంది.

వయసుతో వచ్చే చెవుడులో ముందుగా పోయేది సన్నటి స్వరాలేనని ఆ అమ్మాయి చెప్పింది. చిన్నపిల్లల గొంతు ఆ పొరలోనే ఉంటుంది, స, ష లాంటి అక్షరాలూ అంతే. గొంతు వినబడుతుంది, మాట అందదు. మా పాప వెంటే వచ్చి విసుగ్గా అటూ ఇటూ తిరుగుతోంది. పిలిచి అమ్మ వెనక నిలబడి తన స్నేహితురాళ్ల పేర్లు ఒక్కొక్కటీ చెప్పమంది. యంత్రం లేకుండా ఎనిమిది పేర్లలో ఆరు అమ్మ తప్పు చెప్పింది. పెట్టాక రెండే తప్పాయి. తప్పిన రెండో పేరు దగ్గర పాప పకపకా నవ్వింది, ఆ నవ్వుకు అమ్మ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. ఆ తర్వాత ఆ అమ్మాయి ఏ అమ్మకందారూ ముందుగా చెప్పని మాట చెప్పింది: "మొదటి వారం గిన్నెల చప్పుడూ, కుళాయి చప్పుడూ భరించలేరమ్మా. తీసి డబ్బాలో పెట్టేయాలనిపిస్తుంది. రోజుకు కాసేపు పెట్టుకుని మెల్లగా పెంచండి." అదే రోజు కొనేశాం. నా ఇరవై ప్రశ్నల్లో పదిహేను నేను అడగనే లేదు.

ఇంటికొచ్చాక ఆలోచించాను. ఆ ప్రశ్నలన్నీ ఎందుకు రాసుకున్నట్టు? నేను వివరాల మనిషిని కాను. అదే నెలలో నా ఫోను పది నిమిషాల్లో కొన్నాను, పెట్టె మీద ఏముందో కూడా చదవలేదు. అమ్మకు వినబడడం లేదని రెండేళ్లుగా తెలుసు, రేపు మాపు అంటూ తీసుకెళ్లలేదు. ఆ తప్పు కడుక్కోవడానికి రాసుకున్న ప్రశ్నలవి. మొదటివాడు నా అపరాధ భావాన్ని చూసి విశ్లేషణ అనుకున్నాడు. నేను ఎరుపనుకున్న ఆ పెద్దమనిషి విషయంలో నేను చేసిందీ అదే కదా!

పరిశోధకులు కూడా ఈ దారిలోనే వెళ్లారని తర్వాత చదివినప్పుడు కాస్త ధైర్యం వచ్చింది. బార్టన్ వైట్జ్ 1980ల నుంచి సందర్భాన్ని బట్టి మాట మలుచుకునే అమ్మకం మీద పనిచేశాడు. 1990లో రొజాన్ స్పైరోతో కలిసి దాన్ని కొలిచే ప్రశ్నావళి తెచ్చాడు. అందులో రంగులు లేవు. వేర్వేరు కొనుగోలుదారులకు వేర్వేరు పద్ధతులు కావాలని మీరు నమ్ముతారా, మాట్లాడుతుండగా దారి తప్పిందనిపిస్తే మార్చుకోగలరా, ఇలాంటివే ఉంటాయి. నీల్ రాక్‌హామ్ బృందం పన్నెండేళ్లలో 35,000 అమ్మకపు సంభాషణలను గమనించి 1988లో ఫలితాలు ప్రచురించింది. ఫలించిన భేటీల్లో ఎక్కువగా మాట్లాడింది కొనేవాళ్లే. పెద్ద కొనుగోళ్లలో 'ఇక సంతకం పెట్టండి' అని తొందరపెట్టే ఎత్తులు బెడిసికొట్టాయి.

నిజానికి ఈ రంగుల పాఠం చేసే అసలు హాని, ఎలా చెప్పాలన్నది నేర్పుతున్నట్టు కనిపిస్తూనే ఏది చెప్పాలి, ఏది దాచాలి అనేదాన్ని మార్చేయడం. గొంతు వేగం మార్చవచ్చు. పటం గీసి చూపించాలా, అంకెలు ముందు పెట్టాలా అన్నది మార్చవచ్చు. మెకానిక్కు ఎన్ని గంటల్లో వస్తాడన్న నిజం మాత్రం ఎరుపుకూ నీలానికీ ఒకటే. ఆకుపచ్చ వాళ్ల గురించి మా పాఠంలో ఒక వాక్యముండేది: వీరు మొహం మీద కాదనలేరు. దాన్ని నేను ఒకసారి వాడుకున్నాను. ఒకావిడ చిరునవ్వుతో సంతకం చేశారు. మర్నాడు ఉదయం ఆవిడ సహాయకురాలు ఫోన్ చేసి ఆర్డరు రద్దు చేయమంది. ఆవిడ మళ్లీ ఎప్పుడూ నా ఫోను ఎత్తలేదు. ఎత్తకపోవడమే సబబు.

రంగు ఒకసారి అంటితే వదలదు, అదొక తంటా. కొన్నేళ్ల కిందట ఉద్యోగం మానేసిన ఒకరి ఖాతాలు నా చేతికొచ్చాయి. ఒక కస్టమరు పేరు పక్కన 'నసిగే రకం, నిర్ణయం తీసుకోలేడు' అని రాసి ఉంది. వెళ్లి కలిశాను. ఆయన నిర్ణయాలు చకచకా తీసుకుంటారు. ఆ నోటు రాసిన కాలంలో వాళ్ల భాగస్వాములిద్దరూ విడిపోయే తగవులో ఉన్నారట, ఏ కాగితం మీదా సంతకం చేసే అధికారం ఆయనకు లేదు. తగవు తీరి మూడేళ్లయినా కంప్యూటరులో ఆయన ఇంకా నసుగుతూనే ఉన్నారు.

ఇప్పుడు నేను కలవబోయే మనిషి పేరు పక్కన స్వభావం రాయను, రాయనివ్వను. ఆయన నోటి మాటలే రాసుకుంటాను. మొదట అడిగినదేమిటి, రెండుసార్లు అడిగినదేమిటి. ఈ కొనుగోలు తప్పితే మాట పడేది ఎవరు. గదిలో లేకపోయినా పదే పదే ప్రస్తావనకు వచ్చిన పేరు ఏది. గడియారం చూసుకునేవారికి "ఎంతసేపు ఉందండీ మీకు?" అని అడిగేస్తాను. చాలామంది నవ్వి, ఉన్నంత సేపూ చెబుతారు. ప్రశ్నల జాబితా తెచ్చినవారిని "వీటిలో మీకు నిద్ర పట్టనివ్వనిది ఏది?" అంటాను. కొందరు వెంటనే వేలు పెట్టి చూపిస్తారు. కొందరు "ఇవి నావి కావు, మా పైవాళ్లవి" అంటారు, అప్పుడు నేను చేయాల్సిన పనే మారిపోతుంది. వాళ్లను ఒప్పించనక్కర్లేదు, వాళ్లు తమ పైవాళ్లను ఒప్పించడానికి కావలసిన కాగితం తయారు చేసివ్వాలి.

కొత్తవాళ్లు దీనికి ఒప్పుకోరు. "మొదటి రెండు నిమిషాల్లో ఎలా మాట్లాడాలో తెలియాలి కదా సార్, ఏదో ఒక ఆధారం ఉండాలి" అంటారు. అందులో న్యాయం లేకపోలేదు. లోకంలో అందరూ నాలాంటివాళ్లే అనుకునే పాతికేళ్ల కుర్రాడికి, కాదురా నాయనా, కొందరికి నీ హాస్యం పరమ విసుగు అని చెప్పడానికి ఆ నాలుగు గళ్లు పనికొస్తాయి. అయితే ఆ పరీక్షను తిప్పి తన మీదే ప్రయోగించుకోవాలి. మా శిక్షణ నివేదికలో నాకు పనికొచ్చిన వాక్యం ఒకటుంది: నిశ్శబ్దాన్ని భరించలేరు. అది నిజం. ఎవరైనా ఆలోచిస్తూ ఆగితే చాలు, నేను మాటలతో ఆ గుంట పూడ్చేస్తాను. వాగుడుకాయలే బాగా అమ్ముతారన్న నమ్మకం నన్ను చాలాకాలం కాపాడింది. 2013లో ఆడమ్ గ్రాంట్ అనే మనస్తత్వవేత్త ఫోన్లో అమ్మకాలు చేసే 340 మందిని పరిశీలించి, ఎక్కువ రాబడి తెచ్చింది వాగుడుకాయలూ కాదు, మౌనులూ కాదు, మధ్యస్థులేనని చూపించాడు. ఆ ముచ్చట చదివిన రోజు నా పాత ఆర్డర్లలో ఎన్నింటిని నా నోటితోనే పోగొట్టుకున్నానో లెక్క వేయాలనిపించింది. వేయలేదు.

మొన్న ఒక కుర్రాడిని వెంటబెట్టుకుని ఒక చోటికి వెళ్లాను. ఆ సంస్థ లెక్కలు చూసే ఆవిడ ప్రతిపాదన తెరిచి నాలుగో పేజీ దగ్గర ఆగారు. చదవడం లేదు, ఊరికే చూస్తున్నారు. కుర్రాడు నా వైపు చూశాడు, 'నీలం' అని పెదవులతో అన్నాడు. ఆ పేజీలో ఏముందో చెబుదామని నాకు నాలుక చివరిదాకా వచ్చింది. కలం మూత పెట్టాను. మళ్లీ తీశాను. గోడ మీద ఫ్యాను చప్పుడు వినబడుతోంది. కుర్రాడు గొంతు సవరించుకోబోతే బల్ల కింద కాలితో తట్టాను.

ఆవిడ పేజీ వెనక్కి తిప్పారు. "పోయినసారి సాఫ్ట్‌వేర్ పెట్టినవాళ్లు పాత లెక్కలన్నీ అందులోకి ఎక్కించి ఇస్తామన్నారు" అన్నారు. "సగంలో వదిలేసి వెళ్లిపోయారు. ఆరు వారాలు రాత్రిళ్లు కూర్చుని మిగతాది నేనే ఎక్కించాను."

ప్రతిపాదన మూసి, "అది ఎలా జరిగిందో మొదటి నుంచీ చెబుతారా?" అన్నాను.